పెంకు కింద చేప

రామకాంత్ తన జీవితంలో బతికున్న చేపని ముట్టుకున్నవాడు కాడు. కంచంలో ఉన్నదాన్ని కూడా భార్య ముళ్ళు ఏరి పెడితేనే తినేవాడు. అలాంటి మనిషి సత్తెనపల్లి ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరరై, చేప మీద థీసిస్ రాసి డాక్టరేటు కోసం యూనివర్సిటీ మెట్లెక్కాడంటే, ఆ యూనివర్సిటీని తిట్టాలో ఆ చేపని చూసి జాలిపడాలో చప్పున తేలదు. జ్యోతిర్మయి రెండూ చేసేది. ఆవిడ అతని భార్య. అదే కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పేది. థీసిస్ అతనిది, అందులో ఉన్న చేప ఆవిడది.

ఆ చేప పేరు ఇసుక దొందు. బాపట్ల అవతల సూర్యలంక పక్కన, ఉప్పుకాలవ సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్ళలో ఉంటుంది. మహా ఉంటే చూపుడువేలంత. ఒంటికి ఇసుక రంగు, కళ్ళు నెత్తి మీద. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి చిన్న గిన్నెలా తయారై ఉంటాయి, వాటితో నేలని కరుచుకుని కూర్చుంటుంది. కదిలితే తప్ప అక్కడ చేప ఉందని తెలియదు. వలలో పడితే జాలర్లు విసుక్కుని నీళ్ళలోకే దులిపేస్తారు. పిల్లులు కూడా దాని మీద పెద్దగా మోజు పడవు.

కాని సంసారం దగ్గరికొచ్చేసరికి ఈ వేలెడు చేప ముందు గుంటూరు జిల్లా మగాళ్ళు చాలామంది తల దించుకోవాలి. మగచేప ముందుగా ఒక పైకప్పు వెతుక్కుంటుంది, రాయో చెక్కముక్కో ఏదైనా సరే. దాని కింద ఇసుకని నోటితో తోడి గది చేస్తుంది. పైన ఇసుక కప్పి, తను దూరేంత దారి మాత్రం ఉంచుకుంటుంది. ఆడచేప వచ్చి, తలకిందులుగా తిరిగి, పైకప్పుకి గుడ్లు అంటించి తన దారిన తను పోతుంది. అక్కణ్ణించి బాధ్యతంతా తండ్రిది. గుడ్లు ఉక్కిరిబిక్కిరి కాకుండా రాత్రీ పగలూ పక్కరెక్కలతో వాటికి విసురుతూనే ఉంటుంది. చెడిన గుడ్లని ఏరి తినేస్తుంది. ఇంకో చేప తొంగిచూస్తే నోరు తెరుచుకుని మీదికి పోతుంది. తిండి కోసం గడప దాటదు. పిల్లలు బయటపడే నాటికి దానికి తలా తోకా తప్ప ఒంట్లో ఏమీ మిగలదు.

రామకాంత్ సంగతి వేరు. పాపకి జ్వరం వస్తే అతను మంచం పక్క గదిలోకి మార్చుకునేవాడు. నిద్ర చెడితే మర్నాడు పాఠం సరిగా రాదని అతని భయం. నిద్ర పట్టిన రోజున మాత్రం సరిగా వచ్చి చచ్చిందా అని జ్యోతిర్మయి మనసులో అనుకునేది.

ఆవిడ ఈ చేప వెంట పడింది మూడు శీతాకాలాలు. సెలవులు రాగానే పాపని చంకనేసుకుని బాపట్లలో పిన్నిగారింటికి పోయేది, పొద్దున్నే కాలవ దగ్గర చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలో దిగేది. ఊళ్ళో దీన్ని చూసి నవ్వనివాడు లేడు. పత్తికాయల్ని పచ్చపురుగు తొలిచేస్తుంటే మందు మీద మందు కొట్టి జనం చితికిపోతున్న రోజులవి. పిల్లల్ని చేర్చడానికి కాలేజీకొచ్చిన రైతులు సైతం, పురుగు మీద పరిశోధన చెయ్యక పనికిరాని దొందుల మీద ఏందమ్మా అని అడిగేవారు. మిర్చి రేటు తప్ప మరో ప్రపంచం ఎరగని మనుషులకి ఏం చెబుతాం అనుకుని ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో మర్యాద పైపైనే ఉండేది.

కాలవ మొగలో ఓ చిక్కు ఉంది. అక్కడ రాళ్ళు లేవు, చిప్పలున్నా గోరంతవి. గూడు కట్టుకోవడానికి చోటు దొరక్క చేపలు కొట్టుకుంటున్నాయని ఆవిడ కనిపెట్టింది. సత్తెనపల్లిలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే పైనున్న బంగళా పెంకులు అడిగి తెచ్చుకుంది. గోనెసంచిలో కట్టి బస్సెక్కించి, కాలవలో వరసగా బోర్లించి, ఒక్కోదాని పక్కన ఒక్కో పుల్ల గుచ్చింది. పెంకుకొక మగచేప కాపురం పెట్టింది. పెంకు ఎత్తితే చాలు, గుడ్లు ఎన్ని రోజులవో, తండ్రి ఏం చేస్తున్నాడో అంతా కళ్ళెదుటే. తయారు చేసిన కంపెనీ పేరు పొంగి ఉన్న వైపున ఆడచేపలు గుడ్లు ఎక్కువగా అంటిస్తున్నాయని కూడా చూసింది. ఆ గరుకు వాటికి పట్టు దొరకడానికి పనికొస్తోంది మరి. ఆ పెంకుల మూట బస్సెక్కిన నాడు రామకాంత్ బస్టాండుదాకా వచ్చాడు. వచ్చి, ఈవిడెవరో తనకి తెలియనట్టు సోడా బండి దగ్గర నిలబడ్డాడు.

ఇంత చేశాక పీహెచ్‌డీకి పేరు రాయించుకోవాల్సింది ఆవిడ. ఈలోగా కాలేజీలో ప్రిన్సిపాల్ ముసలాయన దిగిపోబోతున్నాడని, డాక్టరేటు ఉన్నవాడికే ఆ కుర్చీ అని తెలిసింది. ఒక ఇంటి నుంచి ఒక్కరికే అనుమతి ఇస్తామంది యాజమాన్యం. ఆ ఒక్కరు ఎవరో చెప్పుకోవాల్సిన పని లేదు. నాదైతేనేం నీదైతేనేం అన్నాడు రామకాంత్, తన చొక్కాకి ఆవిడ గుండీ కుడుతుంటే. తర్వాత తీరిగ్గా నువ్వూ చేద్దువుగానిలే అని కూడా అన్నాడు.

ఆ 'తర్వాత' అనేది లేదని యూనివర్సిటీ ఆఫీసులో ఆవిడకి చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక విషయం మీద ఒకరికి డాక్టరేటు ఇచ్చేశాక అదే విషయం మీద ఇంకొకరిని తీసుకోరట. రామకాంత్ థీసిస్ నెగ్గితే ఇసుక దొందు తలుపు ఆవిడకి శాశ్వతంగా మూసుకున్నట్టే. సముద్రంలో చేపలకి కరువా, ఇంకోటి పట్టుకో అన్నాడు అతను. జ్యోతిర్మయికి ఒళ్ళు మండింది. ఆవిడకి ఆ చేపే కావాలి, ఇంకో చేప వద్దు.

థీసిస్ రాయడమూ ఓ బాగోతమే. జ్యోతిర్మయి డిగ్రీదాకా తెలుగు మీడియం. నీ ఇంగ్లీషు యూనివర్సిటీకి పనికిరాదు, నువ్వు చెప్పు నేను రాస్తాను అన్నాడు రామకాంత్. సాయంత్రం టీవీలో క్రికెట్ పెట్టుకుని ఒక కన్ను అటు, ఒక చెవి ఇటు వేసి కూర్చునేవాడు. ఆవిడ వంకాయలు తరుగుతూ తెలుగులో చెబుతుంటే అతను ఇంగ్లీషులో గీకేవాడు. ఎవరైనా అవుటైతే రెండు వాక్యాలు గాలికి పోయేవి. అలా రాసినదాన్ని గుంటూరులో డీటీపీ చేయించి, అట్టలు వేయించి, ఆవిడ కంట పడనివ్వకుండా నేరుగా ఇచ్చేసి వచ్చాడు. చూపించమని అడగడం జ్యోతిర్మయికే చిన్నతనంగా తోచింది.

రెండువేల ఒకటో సంవత్సరం, మిరపకాయలు కల్లాలకెక్కే రోజుల్లో వైవా పెట్టారు. అందరి ఎదుటా జరిగే పరీక్ష అది. అభ్యర్థి తన పని గురించి చెప్పాలి, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రశ్నలు వెయ్యాలి, హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా లేచి అడగొచ్చు. చివర్లో అభ్యర్థి ఖర్చుతో అందరికీ ఫలహారాలు. పరీక్ష కన్నా ఫలహారాల మీదే భక్తి ఎక్కువని అక్కడి జనాన్ని చూస్తే తెలుస్తుంది. జీడిపప్పు పకోడీ చల్లారకుండా చూసే పని జ్యోతిర్మయికి అప్పజెప్పి, వెనక బెంచీలో కూర్చోబెట్టాడు రామకాంత్.

పరీక్షకుడు జక్రయ్యగారని, విశాఖపట్నం వైపు ప్రొఫెసరు, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. రామకాంత్ గైడు శేషాచలంగారు ఆయన పక్కనే కూర్చున్నారు. శేషాచలంగారికి తన దగ్గర ఎంతమంది చేస్తున్నారో తెలుసుగాని ఎవరు దేని మీద చేస్తున్నారో కచ్చితంగా తెలియదు.

కొత్త సూటులో రామకాంత్ ఇంగ్లీషులో మొదలెట్టాడు. జ్యోతిర్మయి తన చేప కథని పరాయి నోట వినడం అదే మొదలు. మగచేప గుడ్లని రెక్కలతో ఎత్తి రాత్రీ పగలూ విసిరి కొడుతూ ఉంటుందని, బహుశా వాటిని గట్టిపరచడానికని అతను ఎంతో గంభీరంగా చెప్పాడు. ఆవిడకి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. ఆనక బోధపడింది. గుడ్లకి విసురుతుంది అని తను చెప్పింది, విసనకర్రతో విసిరినట్టు. ఈ మహానుభావుడు బంతిని విసిరినట్టు అనుకున్నాడు. ఆ సాయంత్రం టీవీలో ఎవరు బౌలింగ్ చేస్తున్నారో మరి. శేషాచలంగారు తల ఊపారు. జక్రయ్యగారు అప్పటికే మూడో అధ్యాయంలో ఏదో చోట వేలు పెట్టుకుని దాన్నే తిప్పి తిప్పి చదువుతున్నారు, ఈ మాట వినలేదు.

ప్రశ్నల వేళ ఆయన అడిగింది ఆ వేలు పెట్టిన చోటు గురించే. చేప పెద్ద చిప్ప కింద గూడు కట్టుకుంటుందని రాశారు, ఏ జాతి చిప్పండీ అన్నారు. పెంకు అంటే ఆల్చిప్ప పెంకనుకుని రామకాంత్ థీసిస్ నిండా చిప్పలు పోశాడన్నమాట. పెద్ద రకం ముత్యపుచిప్ప సార్ అన్నాడు అతను. జక్రయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఎర్రగా, జానెడున్నర పొడుగున, గాడులు గాడులుగా ఉంటుందట. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లాంటివి ఉంటాయట. అక్షరాలున్న వైపునే ఆడచేప గుడ్లు పెడుతుందట.

"నేను నలభై ఏళ్ళుగా ఈ తీరంలో తిరుగుతున్నానండీ, చదువుకున్న చిప్పని ఎక్కడా చూళ్ళేదు."

హాలు గొల్లుమంది. ముందు వరసలో రీసెర్చి కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. శేషాచలంగారు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలెట్టారు. రామకాంత్ అవి ప్రకృతిసిద్ధమైన గీతలని ఏదో నీళ్ళు నమిలి, మెడ వెనక్కి తిప్పి భార్య కోసం వెతికాడు. పెంకుల మూటకి ఆమడ దూరంలో నిలబడ్డ మనిషి, ఆ మూటలో ఏముందో ఇప్పుడు ఆవిడ కళ్ళలో చదువుకోవాలని చూస్తున్నాడు. జ్యోతిర్మయి పకోడీ గిన్నె మీది మూత సర్దింది.

నోరు మూసుకుంటే చాలని ఆవిడకి తెలుసు. ఆ చిప్పే థీసిస్‌ని ముంచేస్తుంది. థీసిస్ పోతే చేప మిగులుతుంది, ఆవిడకి తలుపు తెరిచే ఉంటుంది. అతను ఎలా పోతేనేం. కాసేపు ఆ నవ్వులు చెవికి ఇంపుగానే ఉన్నాయి.

కాని జక్రయ్యగారు అక్కడితో ఆగలేదు. అసలు ఈ పని జరిగిందా అని నాకు అనుమానంగా ఉంది అన్నారు. ఇన్ని వివరాలు ఇంట్లో కూర్చుని అల్లినట్టున్నాయి, ఆ కాలవలో అలాంటి చేపే లేదేమో అన్నారు. ముందు వరసలో ఒకడు, దొందు కాదురా దొంగచేప అన్నాడు.

మొగుణ్ణి దొంగ అంటే జ్యోతిర్మయికి అభ్యంతరం లేదు. చేపని అంటే ఊరుకోలేకపోయింది. చలిలో కాళ్ళు కొయ్యబారేలా నిలబడి చూసినదాన్ని, ఈ పకోడీల బ్యాచీ వచ్చి లేదంటే ఎట్లా. ఏం చేస్తున్నదీ తెలిసేలోపే లేచి నిలబడింది.

"జరిగింది సార్. అది చిప్ప కాదు, ఇంటి మీద వేసే పెంకు. ఆ అక్షరాలు కంపెనీ పేరు."

హాలు రెండోసారి నవ్వింది. ఈసారి నవ్వులో వేళాకోళం తగ్గింది. జక్రయ్యగారు థీసిస్‌ని మళ్ళీ తిరగేసి, చిప్ప ఉన్నచోటల్లా పెంకు పెట్టుకుని చదువుకున్నారు. ఆయన మొహం విప్పారింది. కాలవలో ఇంటిపెంకులు పరచడం ఎంత చక్కని ఉపాయమో సముద్రం తెలిసిన ఆ మనిషికి వెంటనే తట్టింది. మీకెలా తెలుసమ్మా అన్నారు.

"పెట్టింది నేనే సార్. చూసింది కూడా నేనే."

రామకాంత్ మొహానికి నవ్వు పులుముకుని, మా మిసెస్ సార్, ఫీల్డులో కొంచెం హెల్ప్ చేసింది అన్నాడు. శేషాచలంగారు ఫ్యాను మీంచి చూపు దింపి, కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు ఉందండీ అని అందుకున్నారు. ఉంది. సమయానికి కాఫీ ఇచ్చి ఓర్పుతో సహకరించిన నా శ్రీమతికి అని ఉంది. అది చదివి వినిపించారు కూడా. జక్రయ్యగారు ఆవిడ వైపు ఓసారి, థీసిస్ వైపు ఓసారి చూశారు. పెదవి విరిచారు. ఇంతలో భోజనం వేళయింది, ఆయన రైలుకీ టైమవుతోంది. చిప్పలన్నీ పెంకులుగా మార్చి నెలలోగా దాఖలు చెయ్యాలి, ఆపైన డిగ్రీ ఇవ్వొచ్చు అని సంతకం పెట్టేశారు. చప్పట్లు కొట్టిన చేతులే తిన్నగా పకోడీల మీదికి వెళ్ళాయి.

జ్యోతిర్మయి ప్లేట్లు అందించింది. ఎవరి మొహంలోకీ చూడాలనిపించలేదు. జక్రయ్యగారి వంతు వచ్చినప్పుడు మాత్రం, ఈ చేప మీదే నేను రిజిస్టరు చేసుకోవచ్చా సార్ అని అడిగింది. ఆయన నమలడం ఆపారు. మంచివాడే, సంతకం పెట్టేశాక సిగ్గుపడే రకం మంచివాడు. గొంతు తగ్గించి, అయిపోయిన పనిని మళ్ళీ ఇవ్వరమ్మా అన్నారు. అచ్చయి డిగ్రీ కూడా వచ్చేశాక అందులో విషయం తప్పుందని ఎవరైనా చూపిస్తే అది వేరు, అప్పుడు తిరిగి చెయ్యడానికి తీసుకుంటారు, నేనే తీసుకుంటాను అన్నారు.

"ఆ ఉన్న ఒక్క తప్పూ మీరే లేచి దిద్దేశారు కదమ్మా, ఏం చేస్తాం."

ఆయన మరో పకోడీ తీసుకుని జాలిగా తల ఆడించి వెళ్ళిపోయారు. జ్యోతిర్మయి అక్కడే నిలబడిపోయింది. మొదట తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరూ అడక్కుండానే లేచి, వీడి సూటుకి కూడా గుండీ కుట్టింది. తర్వాత ఇందాకటి మాట ఒకటి తిన్నగా వచ్చి మనసులో కూర్చుంది. ఆవిడ ప్లేట్ల దొంతర కింద పెట్టి చెయ్యి తుడుచుకుంది.

రామకాంత్ అప్పటికే ప్రిన్సిపాల్ నడక నడుస్తూ వచ్చాడు. ఇంట్లో మాట ఇంట్లో చెప్పాలిగాని నలుగుర్లో లేచి పరువు తియ్యడమేమిటని ముందు కసిరాడు. అయినా పోన్లే, మంచికే అయిందని తనే మన్నించేశాడు. ఆపైన చుట్టూ చూసి, దగ్గరికి జరిగి, మూతికంటిన పకోడీ పిండి తుడుచుకుంటూ అడిగాడు.

"దిద్దేది ఎలాగూ దిద్దుతున్నాం. ఇలాంటి మాటలు ఇంకేమైనా పడ్డాయంటావా జ్యోతీ? ఇందాక నేను చెప్పిందంతా విన్నావుగా."

జ్యోతిర్మయి అతన్ని కింది నుంచి పైదాకా ఓసారి చూసింది. పెళ్ళయినప్పట్నించీ అంత శ్రద్ధగా చూసి ఉండదు.

"ఇంకేం లేవండి. గుడ్లని విసిరే చోట మరీ బాగా రాశారు. అక్కడ ఒక్క అక్షరం కూడా కదపకండి."